ఆకలియు, జిహ్వచాపల్యమును

ఆకలికి రుచితో పనిలేదని మన పెద్దలు చెప్పుదురు. నిజముగా ఆకలిగొన్నవానికి గంజియు అమృతతుల్యమే. కాని కడుపు నిండిన పిమ్మటగూడ ఫలానా పిండివంట కావలెనని మనస్సు మారాము చేయుచుండును. మొదటిది దేహధర్మము; రెండవది జిహ్వచాపల్యము. ఈ రెండింటికిని గల భేదమును గుర్తించుటకై జీవితమంతయు పాటుపడి, ఒక్క పర్యాయము ఏమరుపాటున ప్రాణములమీదికి తెచ్చుకొనిన మహనీయుడు గాంధీమహాత్ముడు.

మోహనదాసు కరంచందు గాంధీ 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన గుజరాతు ప్రాంతమునందలి పోరుబందరులో జన్మించెను. 1888లో న్యాయశాస్త్రము చదువుటకై లండను నగరమునకు పయనమయ్యెను. మాంసము ముట్టనని తల్లి పుత్లీబాయికి మాట యిచ్చి ఓడ నెక్కెను.

ఆ మాట నిలుపుకొనుట సులభము కాలేదు. లండనులో ఆయన బసచేసిన యింట ఉదయమున పెట్టు జావతో కడుపు నిండెడిది. మధ్యాహ్నమునను రాత్రియు ఉప్పుకారములు లేక ఉడికించిన ఆకుకూరయు, రెండు మూడు రొట్టెముక్కలును మాత్రమే లభించెడివి. మరల అడుగుటకు సిగ్గు అడ్డువచ్చెడిది. ఆ యింటి బాలికలు జాలిపడి ఒకటి రెండు ముక్కలు ఎక్కువ వడ్డించినను ఆకలి తీరెడిది కాదు. శాకాహారశాలను వెదకుచు ఆయన ప్రతిదినమును మైళ్లకొలది నడచెడివాడు. తుదకు ఒకనాడు ఫారింగ్డన్ వీథిలో అట్టి భోజనశాల కంటబడెను. ఆంగ్లదేశమున అడుగిడిన తరువాత ఆయన తృప్తిగా భుజించుట అదియే ప్రథమము. ఆకలి యననేమో ఆయనకు ఆ దినములలో తెలిసెను.

కొంతకాలమునకు ఆయన స్వదేశమునుండి తెప్పించుకొను మిఠాయిలను, మసాలాలను మానివేసెను. అంతకుముందు మసాలా లేక ఉడికించిన ఆకుకూర ఆయనకు చప్పగా తోచెడిది. ఇప్పుడదియే రుచికరమయ్యెను. కూర మారలేదు, వండు తీరు మారలేదు. మారినది మనస్సు మాత్రమే. రుచికి అసలు స్థానము నాలుక కాదనియు, మనస్సే యనియు ఆయన గ్రహించెను.

1893లో ఆయన దక్షిణాఫ్రికాకు వెడలెను. అచ్చట కస్తూరిబాయి జబ్బుపడినప్పుడు, ఉప్పును పప్పుదినుసులను విడువుమని ఆయన కోరెను. అవి విడుచుట ఆయనకైనను సాధ్యము కాదని ఆమె బదులు చెప్పెను. తక్షణమే గాంధీజీ ఒక సంవత్సరముపాటు ఆ రెండింటిని త్యజించెను. ఆమె నొచ్చుకొని, నియమమును మానుకొనుమని ఎంతగా వేడినను ఆయన సడలింపలేదు. 1912లో పాలను గూడ విడిచెను. 1915లో హరిద్వారమున కుంభమేళా సందర్భమున, దినమునకు ఐదు వస్తువులకు మించి తిననని, ప్రొద్దుగ్రుంకిన పిదప భుజింపనని వ్రతము పట్టెను.

ఇన్ని నియమములు పాటించినవానికిగూడ నాలుక పూర్తిగా లొంగలేదు. 1918లో గాంధీజీ ఖేడా జిల్లాలో సంచరించుచు, వేరుసెనగ ముద్దయు నిమ్మపండ్లును ఆహారముగా గైకొనుచుండెను. ముద్దను మితిమీరి తినుటచే స్వల్పముగా జిగటవిరేచనములు కలిగెను. సబర్మతి ఆశ్రమమునకు వచ్చి ఒక పూట ఉపవసింపగా కొంత నెమ్మదించెను. కడుపునకు ఇంకను విశ్రాంతి కావలెనని ఆయన ఎరుగును. ఆ దినము పండుగ. మధ్యాహ్నము ఏమియు తిననని ఆయన ముందుగనే చెప్పియుండెను. అయినను కస్తూరిబాయి ఆయన వ్రతమునకు భంగము రాకుండునట్లు నేతికి మారుగా నూనె వేసి తీయని గోధుమజావ కాచెను. ఒక గిన్నెడు పెసలు ప్రత్యేకించి యుంచెను. రెండును ఆయనకు ఇష్టమైనవే. భార్య ముచ్చట తీర్చుటకు కొంచెము రుచి చూచిన చాలునని కూర్చుండెను. కాని కొంచెముతో ఆగక కడుపునిండ భుజించెను.

గంట గడవకమునుపే వ్యాధి తీవ్రరూపము దాల్చెను. ఆ సాయంకాలమే ఆయన నడియాదు చేరవలసియుండెను. మైలుంబావు దూరమున మాత్రమే యున్న రైలుస్టేషనునకు నడచుటయే ఆయనకు దుస్సాధ్యమయ్యెను. మృత్యుద్వారమును చేరితినని ఆయన తలచునంతటి వ్యాధి అది. చాలకాలము మంచము పట్టి, చిక్కి శల్యమయ్యెను. తుదకు కస్తూరిబాయి సూచనమీద మేకపాలు స్వీకరించెను. వ్రతము పట్టినప్పుడు తన మనస్సులో నున్నవి ఆవుపాలును, గేదెపాలును మాత్రమే యని సమాధానము చెప్పుకొనినను, వ్రతము యొక్క భావమునకు లోపము కలిగెనను చింత ఆయనను వీడలేదు.

ఈ వృత్తాంతమున మనము గమనింపవలసినది ఒకటి కలదు. గాంధీజీ తప్పును వంట చేసిన యిల్లాలిపై మోపలేదు; తన నాలుకపైననే మోపుకొనెను. దానిని దాచక ఆత్మకథలో లోకమునకు తెలియజేసెను. 1942లో ఆగాఖాన్ భవనమున నిర్బంధములో నున్నప్పుడు ఆరోగ్యమును గూర్చి వ్రాసిన గ్రంథమునందును, ఔషధమువలె దేహరక్షణకై మితముగా ఆహారము గైకొనవలెనని బోధించెను.

1948 జనవరి 30వ తేదీన ఆయన అస్తమించెను. పలుమారులు నిరాహారదీక్ష పూని ఆకలిని ధైర్యముతో సహించిన ఆ మహాత్ముడు, ఒక గిన్నెడు తీపి జావ యెదుట ఓడిపోయెను. ఆకలిని ఓర్చుటకన్న ఆకలి లేనప్పుడు చేయి నిలుపుటయే కష్టతరమని ఆయన జీవితము మనకు తెలుపుచున్నది. విస్తరి ముందు కూర్చున్నప్పుడు అడుగుచున్నది కడుపా, నాలుకా యని ఒక్క క్షణము విచారించుకొనువాడు ఆ పాఠమును నేర్చినవాడగును.