దోమల డాక్టరు కార్లోస్ ఫిన్లే

వికారం, వాంతులు, కళ్ళు పచ్చబడటం - ఈ మూడూ కనిపిస్తే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కామెర్లు అనేస్తారు. కామెర్లు ఒక్క జబ్బు పేరు కాదు, కాలేయం చెడినప్పుడు బయటికి కనిపించే గుర్తు మాత్రమే. చెడ్డ నీళ్ళవల్ల వచ్చేవి కొన్ని, శుభ్రం చేయని సూదుల ద్వారా వచ్చేవి కొన్ని. దోమ కుట్టి వచ్చే కామెర్లు కూడా ఉన్నాయంటే చాలామందికి వింతగా తోస్తుంది. అదే ఎల్లో ఫీవర్, అనగా పచ్చజ్వరం. ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను ఉంది. మన అదృష్టంకొద్దీ మన దేశంలో లేదు. దీని గుట్టు కనిపెట్టి, ఇరవై ఏళ్ళపాటు ఎవరూ నమ్మక నగుబాటుపడిన డాక్టరు కార్లోస్ ఫిన్లే.

ఆయన 1833 డిసెంబరు 3న క్యూబా ద్వీపంలో పుట్టాడు. తండ్రి స్కాట్లాండు నుంచి వచ్చిన వైద్యుడు, తల్లి ఫ్రెంచి వంశపు మనిషి. చదువుకు ఫ్రాన్సు పంపిస్తే అక్కడ జబ్బుపడ్డాడు. దానివల్ల వచ్చిన నత్తి జీవితాంతం పూర్తిగా పోలేదు. 1855లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టరు పట్టా పుచ్చుకుని హవానా నగరంలో ప్రాక్టీసు పెట్టాడు. 1867లో అక్కడ కలరా వచ్చినప్పుడు ఊరి కాలువ నీళ్ళవల్లే వ్యాపిస్తోందని వ్రాశాడు. అధికారులకు అది రుచించలేదు, అచ్చుకానివ్వలేదు. అదే ఆయనకు మొదటి పాఠం.

హవానాకు అసలు శత్రువు పచ్చజ్వరం. స్పెయిన్ నుంచి కొత్తగా దిగిన సిపాయిలు, కూలీలు పిట్టల్లా రాలిపోయేవారు. ఈ జబ్బు శరీరంలో ఏం చేస్తుందో ఈనాడు మనకు బాగా తెలుసు. దోమ కుట్టినచోట లోపలికి పోయిన వైరస్ ముందుగా దగ్గరి లింఫు గ్రంథుల్లో, అంటే చంకలో గజ్జలో మనం బిళ్ళలు అని తడిమి చూసుకునేవాటిలో, చేరి పెరుగుతుంది. అక్కడినుంచి రక్తంలోకి, ప్లీహంలోకి, కాలేయంలోకి పోతుంది. మూడు నాలుగు రోజుల జ్వరంతో చాలామందికి తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. కాలేయం దెబ్బతిని ఒళ్ళు పచ్చబడుతుంది, రక్తం గడ్డకట్టే శక్తి పోతుంది, జీర్ణాశయంలో రక్తం కారి నల్లటి వాంతి అవుతుంది. స్పానిష్‌వాళ్ళు ఈ జబ్బును నల్లవాంతి అనే పిలిచేవారు. ఆ దశకు వచ్చినవారిలో సగంమంది వారం పది రోజుల్లో చనిపోతారు.

ఫిన్లే కాలంలో ఇవేవీ తెలియవు. రోగి బట్టలు, పరుపులు తాకితే వస్తుందని కొందరు, చెడుగాలివల్ల అని కొందరు. ఫిన్లే కూడా మొదట చాలా ఏళ్ళు హవానా గాలిలో క్షారగుణం ఎక్కువై వస్తోందనుకుని దాన్ని కొలుస్తూ కూర్చున్నాడు. 1879లో అమెరికా నుంచి పరిశోధక బృందం వచ్చింది. వారితో తిరిగాక ఆయన మనసు మారింది. ఈ జబ్బులో దెబ్బతినేవి రక్తనాళాలు. ఒకరి రక్తనాళంలోని విషాన్ని తీసి మరొకరి రక్తనాళంలో పెట్టేది ఏదో ఉండాలి కదా! ఇళ్ళలో ఉంటూ పగటిపూట కుట్టే చారల దోమమీదికి ఆయన దృష్టి పోయింది. దానినే ఇప్పుడు ఈడిస్ ఈజిప్టై అంటున్నారు. 1881 ఆగస్టు 14న హవానా విజ్ఞాన అకాడమీలో తన వ్యాసం చదివాడు. విన్న పెద్దలు పట్టించుకోలేదు. తర్వాత దోమల డాక్టరు అని ఎగతాళి పేరు మిగిలింది.

ఎగతాళి చేసినవాళ్ళది పూర్తిగా తప్పని నేననను. ఫిన్లే వందమందికి పైగా మనుషులను దోమలచేత కుట్టించి చూశాడు. ఒకరిద్దరికి జ్వరం వచ్చేది, ఎక్కువమందికి ఏమీ అయ్యేది కాదు. కారణం తర్వాత తేలింది. రోగి రక్తంలో ఈ విషం జ్వరం వచ్చిన మొదటి మూడు రోజులే దోమకు అందుతుంది. ఆ దోమ కూడా వెంటనే జబ్బు అంటించలేదు, సుమారు పన్నెండు రోజులు గడవాలి. ఫిన్లే ఆలస్యంగా రోగిని కుట్టించి, తొందరగా రెండో మనిషిని కుట్టించేవాడు. దోమ సరైనదే, లెక్క తప్పింది.

ఈలోపు 1881లోనే ఫ్రెంచివాళ్ళు పనామా కాలువ తవ్వకం మొదలుపెట్టారు. అక్కడి ఆసుపత్రుల్లో చీమలు ఎక్కకుండా మంచాల కాళ్ళకింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు. మన ఇళ్ళలో జాలీ అలమారు కాళ్ళకింద పెట్టినట్టే! ఆ గిన్నెల్లోనే దోమలు పెరిగి రోగుల్ని కుట్టాయి. సుమారు ఇరవై వేలమంది చచ్చిపోయాక ఫ్రెంచివాళ్ళు పని వదిలేసి పోయారు.

దోమను మొదట నమ్మించింది మన సికింద్రాబాదు. 1897 ఆగస్టు 20న అక్కడ రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ కడుపులో మలేరియా పురుగును చూశాడు. దోమకు ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ముట్టింది. మలేరియా జాతి వేరైనా, దోమ జబ్బు మోస్తుందన్న మాట ఇక నవ్వులాట కాలేదు. 1898లో అమెరికాలో హెన్రీ కార్టర్ అనే డాక్టరు, ఒక ఇంట్లో పచ్చజ్వరం వచ్చాక రెండువారాల దాకా రెండో కేసు రావడం లేదని లెక్కకట్టాడు.

1900లో అమెరికా సైన్యం పంపిన వాల్టర్ రీడ్ బృందం హవానాలో ఫిన్లే గడప తొక్కింది. ఆయన ఇరవై ఏళ్ళ అవమానం ఎత్తి దెప్పలేదు. తన దగ్గరున్న దోమ గుడ్లు, కాగితాలు, అనుభవం అన్నీ చేతిలో పెట్టాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా పెద్ద సంగతిగా తోచేది ఇదే. ఆ గుడ్లనుంచి పెంచిన దోమలతో పరీక్షలు జరిగాయి. బృందంలోని జేమ్స్ కారల్ జ్వరం తెచ్చుకుని చావు తప్పించుకున్నాడు. జెస్సీ లాజియర్ మాత్రం సెప్టెంబరు 25న, 34 ఏళ్ళకే, చనిపోయాడు.

తర్వాత రీడ్ రెండు గదులు కట్టించాడు. ఒకదాంట్లో రోగుల వాంతులతో పాడైన పరుపులమీద ముగ్గురు ఇరవై రాత్రులు పడుకున్నారు. కంపు భరించలేకపోయినా ఒక్కరికీ జ్వరం రాలేదు. రెండోది శుభ్రమైన గది, జాలీతో రెండు భాగాలు చేసి ఒకవైపే దోమలు వదిలారు. అటువైపు ఉన్న మనిషికే జబ్బు వచ్చింది. పాల్గొన్న స్పానిష్ కూలీలతో ముందే కాగితం వ్రాసుకున్నారు: వంద డాలర్లు, జబ్బు వస్తే మరో వంద. పేదవాడి ప్రాణానికి ఖరీదు కట్టినట్టే ఉన్నా, చెప్పకుండా చేయలేదన్నది మాత్రం నిజం.

1901లో గోర్గస్ అనే సైనిక వైద్యాధికారి హవానాలో ఇంటింటికీ మనుషుల్ని పంపి నీళ్ళ తొట్లకు మూతలు వేయించాడు, మూతలేనిచోట కిరసనాయిల్ పోయించాడు, రోగులకు దోమతెరలు కట్టించాడు. తరతరాలుగా ఉన్న పచ్చజ్వరం ఆ సెప్టెంబరుకల్లా ఊరు విడిచింది. ఆ పద్ధతే తర్వాత పనామా కాలువ పూర్తికావడానికి దారి చేసింది.

కీర్తి ఎక్కువగా రీడ్‌కే పోయింది. నోబెల్ బహుమతికి ఫిన్లే పేరు పలుమార్లు పంపినా రాలేదు. 1902 నుంచి 1909 వరకు ఆయన క్యూబా ఆరోగ్యశాఖకు పెద్దగా ఉన్నాడు. అప్పుడే పురిటిబిడ్డల బొడ్డుకు కట్టే దారంలోని మురికివల్ల ధనుర్వాతం వస్తోందని కనిపెట్టి, శుద్ధిచేసిన దారం, గుడ్డ పొట్లాలుకట్టి పంచిపెట్టించాడు. 1915లో ఆగస్టు 20నే, సికింద్రాబాదులో దోమ గుట్టు బయటపడిన తారీఖునే, హవానాలో కన్నుమూశాడు.

జబ్బుకు కారణమైన వైరస్‌ను 1927లో వేరుచేశారు, 1937లో మాక్స్ థైలర్ టీకా తయారుచేశాడు. చారల దోమ మన గోళేల్లో, కూలర్లలో, పూలకుండీల్లో ఇప్పటికీ ఉంది, డెంగ్యూను మోస్తోంది. వైరస్ ఒక్కటి రాకపోతే చాలు. ఈ కారణంచేతనే ప్రభుత్వం విమానాశ్రయాల్లో అంత గట్టిగా చూస్తుంది. పచ్చజ్వరమున్న ఆఫ్రికా దేశాలకు ఉద్యోగాలకు, వ్యాపారాలకు పోయే మన పిల్లలు కనీసం పదిరోజుల ముందే ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో టీకా వేయించుకుని పసుపు కార్డు తీసుకోవాలి. అది లేకుండా తిరిగొస్తే ఆరు రోజులదాకా ఆపేస్తారు. 2016 నుంచి ఒక్క టీకా కార్డు జీవితాంతం చెల్లుతుంది. తొమ్మిది నెలలు నిండని పసివాళ్ళకు వేయరు. గుడ్డు పడనివాళ్ళు, అరవై దాటినవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలి.