మాజినీయు యువజనులును

యువజనులు దేశమునకు ప్రాణమని పెద్దలు సభలలో పలుకుట పరిపాటి. సభ ముగిసిన పిమ్మట వారిని వెనుక వరుసకు పంపుటయు పరిపాటియే. నేడు యువజనుల పేర ప్రభుత్వములయందు ప్రత్యేక శాఖలు కలవు. ఐక్యరాజ్యసమితి ఆగస్టు 12వ తేదీని వారికై కేటాయించినది. 2015 డిసెంబరులో భద్రతాసమితి తన 2250వ తీర్మానముచే శాంతిస్థాపనయందు వారికి స్థానముండవలెనని అంగీకరించినది. మన దేశమున 1989లో ఓటుహక్కు వయస్సు 21 నుండి 18కి తగ్గెను. ఇవి యన్నియు మేలైనవే. కాని యువకుని పిలుచుట వేఱు. పిలిచిన పిమ్మట అతని బాగోగులకు బాధ్యత వహించుట వేఱు. ఈ భేదమును మిక్కిలి వెలయిచ్చి నేర్చుకొన్న మహాపురుషుడు ఇటలీదేశీయుడగు జోసెఫు మాజినీ. అందుచే ఆయన చరిత్రమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మాజినీ 1805 జూన్ 22వ తేదీన జెనోవా నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు, శరీరశాస్త్రోపన్యాసకుడు. తల్లి మరియా దృఢచిత్త. అప్పటి ఇటలీ యొక దేశము కాదు. 1815లో వియన్నా మహాసభ దానిని ముక్కలుగా పంచిపెట్టెను. లొంబార్డీ, వెనీషియాలు ఆస్ట్రియా వశమయ్యెను. మిగిలిన భాగములను రాజులు, ప్రభువులు, పోపు ఏలుచుండిరి. 1821లో పీడ్మాంటు తిరుగుబాటు విఫలము కాగా, ఓడిన దేశభక్తులు నౌకల కొఱకై జెనోవా వీథులలో నిలిచియుండిరి. వారి సహాయార్థ మొక వ్యక్తి వచ్చి మాజినీ తల్లి యెదుట చేయి చాచెను. ఆమె ప్రక్కనున్న బాలునికి అప్పటికి 16 ఏండ్లైన నిండలేదు. ఆ దృశ్య మతని హృదయమున నాటుకొనెను. నాటినుండి దేశముకొఱకు దుఃఖచిహ్నముగా నల్లని దుస్తులనే ధరించెను.

1827లో న్యాయశాస్త్ర పట్టమునంది, కార్బొనారీ యను రహస్యసమాజమున చేరెను. అచ్చట ఆచారములు మెండు, ఆశయము కొఱత. దిగువవారికి పైవారి యుద్దేశము తెలియదు. పైవారికి ప్రజలయందు విశ్వాసము లేదు. ఏ రాజో కరుణించునని యెదురుచూచుటయే వారి రాజనీతి. 1830లో మాజినీ పట్టుబడి సవోనా కోటలో బంధింపబడెను. సముద్రమును ఆకాశమును తప్ప వేఱొండు కానరాని ఆ గదిలోనే నూతనసమాజ మొకటి ఆయన మనస్సున రూపొందెను.

నేరము రుజువు కానందున విడుదలయయ్యెను గాని, ఏదో చిన్న పట్టణమున పోలీసుల కనుసన్నల నుండుటయో, దేశమును విడుచుటయో తేల్చుకొనవలసివచ్చెను. ఆయన ప్రవాసమునే కోరుకొనెను. 1831లో మార్సేల్సు నగరమున యువ ఇటలీ సమాజమును స్థాపించునప్పటికి ఆయన వయస్సు 26. నలుబదేండ్లు దాటినవారికి సామాన్యముగా ఇందు ప్రవేశము లేదు. ఈ నియమము పెద్దలయందలి ద్వేషముచే పుట్టినది కాదు. రాజులను నమ్మి మోసపోయిన తరము మరల రాజులనే నమ్ముననియు, అట్టి యలవాటు లేనివారే ప్రజలను నమ్మగలరనియు ఆయన తలంచెను. ఏకము, స్వతంత్రము, ప్రజాస్వామికము నగు ఇటలీ వారి లక్ష్యము. విద్య, తిరుగుబాటు అనునవి వారి సాధనములు. పత్రికలు సరకుల పీపాలలో దాగి సరిహద్దులు దాటుచుండెను. వేలకొలది యువకులు చేరిరి. వారిలో గరిబాల్డీ యను నావికు డొకడు.

అంతట దెబ్బ తగిలెను. 1833లో పీడ్మాంటు సైన్యమునందలి కుట్ర బయల్పడగా పలువురు యువకులు మరణదండనకు గురియైరి. మాజినీ బాల్యమిత్రుడగు జాకొపో రూఫినీ చెఱసాలలో ప్రాణత్యాగము చేసికొనెను. 1834 ఫిబ్రవరిలో సవోయ్ ప్రాంతముపై సాగించిన దండయాత్ర నవ్వులపాలయ్యెను. అయినను ఆ యేప్రిలులోనే బెర్న్ నగరమున ఇటాలియనులు, పోలండువారు, జర్మనులు కలిసి యువ ఐరోపా సమాజమును స్థాపించిరి. ఒక జాతి స్వాతంత్ర్యము మఱియొక జాతి స్వాతంత్ర్యమునకు విరోధి కాదనుటయే దాని మూలసూత్రము.

బహిరంగముగా ఇట్లు నిలిచినవాడు లోలోపల కూలిపోయెను. 1836లో ఘోరమైన సంశయ మాయనను పట్టెను. తన మాటపై నడచి మరణించిన బాలుర రూపములు, వారి తల్లుల కన్నీరు ఆయనకు నిద్రలేకుండ జేసెను. వారిని చంపినది శత్రువో తానో యని తన్ను తానే ప్రశ్నించుకొనెను. ఈ ఘట్టమును దాచి, ఆయనను కేవలము వీరునిగా చిత్రించుట న్యాయము కాదని మా యభిప్రాయము. యువకులను పిలిచిన ప్రతినాయకుడును ఈ ప్రశ్నకు లోబడవలసినవాడే. జీవితము సుఖము కొఱకు గాక కర్తవ్యము కొఱకే యను విశ్వాసముచే ఆయన మరల లేచెను.

1837లో లండను చేరి దారిద్ర్యముతో పెనగులాడెను. అచ్చట వీథులలో వాద్యపెట్టెలు త్రిప్పుచు, మట్టిబొమ్మల నమ్ముచు తిరుగు ఇటాలియను బాలు రాయన కంటబడిరి. వారిని పేదతలిదండ్రులనుండి కొనివచ్చిన యజమానులు సాయంకాలమునకు చాలినంత సొమ్ము తేనివారిని కొట్టి పస్తులుంచుచుండిరి. మాజినీ 1841లో హ్యాటన్ గార్డెను ప్రాంతమున వారికై ఉచిత రాత్రిబడి తెఱచెను. చదువు, వ్రాత, లెక్కలు, భూగోళము నేర్పుచు, ఆదివారములలో స్వదేశచరిత్రము చెప్పుచుండిరి. క్రూరులగు యజమానులను న్యాయస్థానమునకీడ్చుటకును ఆయన వెనుదీయలేదు. సేనలను నడపదలచినవాడు అక్షరములు దిద్దించుటకు కూర్చుండెను. మా దృష్టిలో ఆయన చరిత్రమున కిదియే శిఖరము.

1849లో రోము ప్రజారాజ్యమునకు ముగ్గురు పాలకులలో నొక్కడై, ఒక్క గదిలో నివసించుచు, చౌకభోజనశాలలో భుజించుచు పాలించెను. జూలైలో ఫ్రెంచిసేనలు నగరమును పట్టుకొనెను. రోము రక్షణలో గాయపడి మరణించిన గొఫ్రెదో మామెలీకి అప్పటికి 21 ఏండ్లు. అతని గీతమే నేటి ఇటలీ జాతీయగీతము. 1861లో ఇటలీ రాజ్యమేర్పడెను గాని జనులలో నూటికి సుమారు ఇద్దఱికే ఓటుండెను. మాజినీ తాను కోరినది ఇది కాదనెను. 1866లో మెస్సీనా ప్రజలు తమ ప్రతినిధిగా ఎన్నుకొనినను, పాత మరణశిక్షను సాకుగాగొని పార్లమెంటు త్రోసివేసెను. 1872 మార్చి 10వ తేదీన, స్వదేశముననే, పీసా నగరమున మాఱుపేరుతో ఆయన కన్నుమూసెను. ఇటలీ ప్రజారాజ్యమగుటకు 1946 జూన్ వఱకు పట్టెను.

ఆయన పేరు భారతీయ యువకులకు క్రొత్త కాదు. సురేంద్రనాథ బెనర్జీ కలకత్తా విద్యార్థులకు ఆయనను గూర్చి యుపన్యసించెను; లాలా లజపతిరాయ్ ఉర్దూలో ఆయన చరిత్రము రచించెను. 1909లో హింద్ స్వరాజ్ వ్రాయుచు గాంధీమహాత్ముడు, పరపాలకులు తొలగినంతనే ఇటలీ ప్రజలు మాజినీ కోరిన ఆత్మపాలనము నందలేదని హెచ్చరించెను.

మాకును నలుబది దాటినవి. మాజినీ సమాజమున మాకు ప్రవేశముండదు. దానికి చింతింపము. యువకులకు జయధ్వానములు చేయుటకంటె వారికి చదువు చెప్పుట, నిర్ణయములు జరుగు చోట ఆసనము విడుచుట, వారు నష్టపడినప్పుడు ఆ నష్టము మనదని యొప్పుకొనుట, ఈ మూడును మనవంటివారి పనులు. ఇవి చేయజాలని పెద్దలకు యువకులను పిలుచు నధికారము లేదు.