మతిమరుపు వెనక మరకలు

ఇంట్లో పెద్దవాళ్లు అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే, కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతుకుతుంటే మీరేమనుకుంటారు? వయసు మీద పడిందిలే అనుకుంటారు. నూట పాతికేళ్ల కిందట జర్మనీలో చాలామంది డాక్టర్లదీ అదే ధోరణి. ఆ మాటతో సరిపెట్టుకోని డాక్టరు ఒకాయన ఉన్నారు. ఆయన ఇంటిపేరే జబ్బు పేరైంది. అల్జీమర్స్ అంటే మీకు తెలుసు. అల్జీమర్ ఎవరో తెలుసా?

అలోయిస్ అల్జీమర్ 1864 జూన్ 14న బవేరియాలోని మార్క్ట్‌బ్రైట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి నోటరీ. 1887లో వూర్జ్‌బర్గ్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. దానికోసం ఆయన పరిశోధించింది దేన్నో ఊహించగలరా? చెవిలో గులిమి తయారుచేసే గ్రంథుల్ని! మరుసటి ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో చేరారు. కొన్నాళ్లకు అక్కడికే వచ్చిన ఫ్రాంజ్ నిస్ల్ మెదడు కణాలకు రంగు పట్టించడంలో దిట్ట. రోగుల్ని చూడటం, తర్వాత మైక్రోస్కోపు ముందు కూర్చోవడం... ఇద్దరికీ బాగా జత కుదిరింది.

1901లో అల్జీమర్ భార్య చనిపోయారు. ముగ్గురూ చిన్నపిల్లలే. ఇల్లు చూసుకోవడానికి తోడబుట్టిన ఎలిజబెత్ వచ్చారు. అదే ఏడాది నవంబరులో ఆగస్టె డీటర్ అనే ఆవిడను ఆస్పత్రిలో చేర్పించారు. రైల్వే గుమస్తా భార్య. వయసు 51. అల్జీమర్ ఆమె ఎదుట కూర్చుని ఓపిగ్గా అడిగేవారు, ప్రతి జవాబూ రాసుకునేవారు. భర్త పేరడిగితే ఆమె తన పేరే చెప్పింది. కాలీఫ్లవర్, పంది మాంసం తింటూ పాలకూర తింటున్నానంది. 51 ఏళ్లకు ముసలితనమనలేం కదా! అదే ఆయన్ను పట్టి కుదిపింది.

తర్వాత ఆయన హైడెల్‌బర్గ్, అక్కణ్నుంచి మ్యూనిక్ వెళ్లారు. ఊరు మారినా ఆగస్టె సంగతి కనుక్కుంటూనే ఉన్నారు. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోగానే కేసు కాగితాలు, మెదడు మ్యూనిక్‌కు తెప్పించుకున్నారు. పల్చటి పొరలుగా కోసి, వెండి లవణాలతో రంగు పట్టించి చూశారు. కణాల మధ్య గట్టిపడిన మచ్చలు. కణాల లోపల చిక్కుపడిన దారపు పోగుల్లాంటివి. ఆ నవంబరులో ట్యూబింగెన్‌లో మానసిక వైద్యుల సభలో ఈ సంగతి చెప్పారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. 1910లో ఆయన పెద్ద డాక్టరు ఎమిల్ క్రెపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు. 1912లో బ్రెస్లావ్‌లో ప్రొఫెసరు ఉద్యోగం వచ్చింది. అక్కడికి వెళ్తూ రైల్లోనే జబ్బుపడ్డారు, మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 1915 డిసెంబరు 19న గుండె, మూత్రపిండాలు దెబ్బతిని కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసూ 51 ఏళ్లే.

ఆ మచ్చలు దేనితో తయారయ్యాయో ఆయనకు తెలియకుండానే పోయింది. వెండి రంగు అక్కడేదో ఉందని చూపిస్తుంది, అదేమిటో చెప్పదు. ఆ జవాబుకు మరో డెబ్బై ఏళ్లు పట్టింది. 1984లో జార్జ్ గ్లెన్నర్ బృందం అమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్‌ను వేరుచేసింది. మచ్చల్లో ఉన్నది అదే. పోగుల్లో ఉన్నది టౌ ప్రొటీన్ అని ఆ తర్వాత తేలింది. తేల్చడంలో పెద్ద సాయం యాంటీబాడీలది.

యాంటీబాడీ అంటే మన ఒంట్లో క్రిమిని గుర్తుపట్టి అతుక్కునేదే. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే గురికి అతుక్కునే యాంటీబాడీలను కావలసినన్ని తయారుచేసే దారి కనిపెట్టారు. అలాంటిదాన్ని మెదడు పొర మీద వేస్తే తన ప్రొటీన్‌కే పట్టుకుంటుంది. దానికి రంగు తగిలిస్తే ఆ ప్రొటీన్ ఉన్న చోటు బయటపడుతుంది. ప్రొటీన్ ఇస్త్రీ చీరలా ఒక పద్ధతిలో మడతపడాలి. మడత తప్పితే ఒకదానికొకటి అంటుకుని ముద్దకడుతుంది. చీర అదే, మడతే తప్పు. ఆ తప్పు మడతనే పోల్చుకునే యాంటీబాడీలు కూడా ఉన్నాయి. అవీ ఒక్కోసారి పొరపాటున వేరేదానికి అతుక్కుంటాయి, అందుకే ఒక్కదాన్నే నమ్మరు, రెండో పరీక్షతో సరిచూస్తారు.

మరో విశేషం. మ్యూనిక్‌లో అల్జీమర్ ల్యాబులో పనిచేసిన కుర్రాడు ఫ్రెడరిక్ లెవీ. పార్కిన్సన్స్ రోగుల మెదడు కణాల్లో గుండ్రటి ఉండల్ని 1912లో వర్ణించింది ఆయనే. అందులో ఉన్నది ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రొటీన్ అని 1997లో యాంటీబాడీలే చూపించాయి.

ఆగస్టె కేసు కాగితాలు 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దొరికాయి. తర్వాత మ్యూనిక్‌లో ఆమె మెదడు స్లైడ్లూ దొరికాయి. మళ్లీ చూస్తే ఆయన చెప్పిన మచ్చలూ పోగులూ ఉన్నాయి.

ఇప్పుడు మెదడు కోయక్కర్లేదు. రక్తంలో ఒక రకం టౌను, అమిలాయిడ్‌ను యాంటీబాడీలతో కొలిచే పరీక్షకు 2025 మేలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అది 55 దాటి, మతిమరుపు లక్షణాలు కనిపిస్తున్నవాళ్లకే. ఏ లక్షణమూ లేనివాళ్లు ముందు జాగ్రత్తగా చేయించుకునేది కాదు. దాని ఫలితం ఒక్కటే చూసి జబ్బు నిర్ధారించరు కూడా. మీ ఇంట్లో ఎవరికైనా మరుపు ఎక్కువవుతుంటే ముందు న్యూరాలజిస్టుకు చూపించండి. థైరాయిడ్ తక్కువైనా, బీ12 విటమిన్ లోపించినా మతిమరుపు వస్తుంది. వాటికి మందులున్నాయి.