ఆటబొమ్మలు చేసిన మరమ్మతు ఇంజనీరు - గున్పేయ్ యొకోయ్

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ఏటా మహనీయుల జీవిత చరిత్రలు చదువుతూనే ఉన్నాం. బాబాసాహెబ్ అంబేద్కర్ గారి గురించి, మహాకవి జాషువా గారి గురించి, మన మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు గురించి ఈ పేజీల్లోనే ఎంతో తెలుసుకున్నాం. ఈసారి పూర్వ విద్యార్థులమైన మేము ఒక ఆటబొమ్మల ఇంజనీరు గురించి రాస్తున్నాం. ఆయన పేరు మనలో చాలామందికి తెలియదు. కానీ ఆయన ఆలోచన మాత్రం ఒకనాడు మన రోలుగుంట దాకా వచ్చి మన చేతుల్లో ఆడింది.

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో మాలో ఒకడు వేసవి సెలవుల్లో బెల్లం గానుగ దగ్గర పనిచేసి, దాచుకున్న డబ్బుతో అమ్మవారి తీర్థంలో ఒక చిన్న వీడియో గేమ్ కొన్నాడు. పైనుంచి ఇటుకలు పడుతుంటే వాటిని వరసగా పేర్చే ఆట. గేమ్ ఒక్కటి, ఆడేవాళ్ళం నలభై మందిమి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒక్కొక్కరికి ఒక్కొక్క ఛాన్సు. ఆట అయిపోయినవాడు మారుమాట లేకుండా పక్కవాడికి ఇచ్చెయ్యాలి. బ్యాటరీలు అయిపోతే వాటిని గోడ మీద ఎండలో పెట్టి, సాయంత్రం మళ్ళీ వేసి చూసేవాళ్ళం. ఇంకో పది నిమిషాలు పనిచేస్తే పండగే!

ఆ గేమ్ ఎవరు కనిపెట్టారని అప్పుడు మేము ఆలోచించలేదు. అది ఏదో పేరులేని కంపెనీ చేసిన నకలు. అందులోని ఆట రష్యాలో పుట్టింది. అయితే జేబులో పట్టే పెట్టెలో, చవక తెరతో, రెండు బొటనవేళ్ళతో ఆడుకోవచ్చని ప్రపంచానికి చూపించినవారిలో ముఖ్యుడు జపాన్ దేశీయుడైన గున్పేయ్ యొకోయ్.

చదువు - ఉద్యోగం

యొకోయ్ 1941 సెప్టెంబరు 10న క్యోటో నగరంలో జన్మించారు. అదే నగరంలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివారు. పెద్ద పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో ఆయనకు ఉద్యోగం దొరకలేదు. చివరకు 1965లో సొంత ఊళ్ళోనే ఉన్న నింటెండో అనే కంపెనీలో చేరారు.

ఇప్పుడు నింటెండో అంటే వీడియో గేముల కంపెనీ. అప్పట్లో అది పేకముక్కల కంపెనీ. 1889లో పూల బొమ్మలుండే హనఫుడా పేకముక్కలు తయారు చేయడంతో మొదలైంది. అక్కడ యొకోయ్ పని ఏమిటంటే పేకముక్కలు తయారు చేసే యంత్రాలు ఆగిపోకుండా చూడటం. మన భాషలో చెప్పాలంటే మెయింటెనెన్స్ పని. యంత్రం సరిగ్గా తిరిగితే అతణ్ణి ఎవరూ పట్టించుకోరు. ఆగితే మాత్రం అందరి కేకలూ అతని మీదే. ఈ సంగతి అచ్యుతాపురంలోనూ పరవాడలోనూ ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

ఖాళీ సమయంలో చేసిన బొమ్మ

యంత్రాలు బాగా నడుస్తున్నప్పుడు యొకోయ్‌కు పెద్దగా పని ఉండేది కాదు. ఆ ఖాళీలో ఆయన తన సరదా కోసం ఒక సాగే చేతిని తయారు చేసుకున్నారు. దుకాణాల ముందు ఇనుప మడత గేట్లు చూశాం కదా, పట్టీలు అడ్డదిడ్డంగా కలిసి, లాగితే సాగి, తోస్తే ముడుచుకుంటాయి. అదే సూత్రం. ఇటు పిడులు నొక్కితే అటు చివర చెయ్యి ముందుకు సాగి వస్తువును పట్టుకుంటుంది.

1966లో కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు ఈ బొమ్మ ఆయన కంటబడింది. తరువాత యొకోయ్‌ను తన గదికి పిలిపించారు. పని వేళల్లో బొమ్మలు చేస్తున్నందుకు చీవాట్లు తప్పవనుకుంటూ వెళ్ళారు యొకోయ్. కానీ అధ్యక్షుడు తిట్టలేదు. దాన్ని అమ్మకానికి పనికొచ్చేలా చేయమన్నారు. అలా వచ్చిందే అల్ట్రా హ్యాండ్. పది లక్షలకు పైగా అమ్ముడైంది. మరమ్మతులు చూసే కుర్రవాడు బొమ్మలు తయారు చేసే ఇంజనీరు అయ్యాడు.

ఆ తరువాత ఇంట్లోనే బంతులు విసిరే అల్ట్రా మెషీన్, 1969లో లవ్ టెస్టర్, 1970లో కాంతి తుపాకులు వచ్చాయి. ఈ తుపాకిలో గుండు ఉండదు, వెలుగు ఉంటుంది. ఆ వెలుగు గురి మీద ఉన్న సోలార్ సెల్‌కు తగిలితే బొమ్మ పడిపోతుంది. సోలార్ సెల్ కరెంటు తయారీకే అని అందరూ అనుకుంటుంటే, అది వెలుగును పసిగట్టే కన్నుగా కూడా పనికొస్తుందని చూశారు.

పాత సరుకు - కొత్త ఆలోచన

యొకోయ్ జీవితంలో మనం నేర్చుకోవలసిన ముఖ్య సూత్రం ఇక్కడే ఉంది. సరికొత్త టెక్నాలజీ ఖరీదుగా ఉంటుంది, తరచు చెడిపోతుంది. బాగా వాడుకలోకి వచ్చి, ధర పడిపోయి, అందరూ పాతబడిందని వదిలేసినదాన్ని తీసుకుని ఎవరూ వాడని పనికి వాడాలన్నది ఆయన పద్ధతి. చిరిగిన ప్యాంటుతో పుస్తకాల సంచి కుట్టించుకున్న మనకు ఇది కొత్త కాదు. కాకపోతే మనం ఇబ్బందితో చేసినదాన్ని ఆయన ఒక ఇంజనీరింగ్ సూత్రంగా చేశారు.

ఒకసారి ఆయన బుల్లెట్ రైల్లో వెళ్తుండగా ఒక ఉద్యోగి ఏమీ తోచక చేతిలోని క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కాలక్షేపం చేయడం చూశారు. క్యాలిక్యులేటర్ కంపెనీల పోటీ వల్ల అప్పటికే ఆ చిప్పులు, ఎల్‌సీడీ తెరలు బాగా చవకయ్యాయి. వాటితోనే జేబులో పట్టే ఆట చేస్తే? 1980 ఏప్రిల్‌లో గేమ్ అండ్ వాచ్ విడుదలైంది. ఆట ఆడనప్పుడు గడియారంగా పనికొస్తుంది. ఆ వరుసలో వచ్చిన ఆటలన్నీ కలిపి ప్రపంచవ్యాప్తంగా 4 కోట్ల 34 లక్షలు అమ్ముడయ్యాయి.

1982లో ఆ వరుసలోనే వచ్చిన డాంకీ కాంగ్ ఆటకు ఆయన ఇంకో చిన్న మార్పు చేశారు. పొడవాటి కర్రలాంటి జాయ్‌స్టిక్ జేబులో పట్టదు. దాని బదులు కూడిక గుర్తు ఆకారంలో ఒక పలక పెట్టారు. ఒక్క బొటనవేలితో పైకి, కిందికి, ఎడమకు, కుడికి వెళ్ళవచ్చు. అప్పటినుంచి ఈనాటి వరకు వీడియో గేమ్ కంట్రోలర్ల మీద ఆ మీట కనిపిస్తూనే ఉంది.

మారియో పాత్రను సృష్టించిన షిగేరు మియమోటో మొదటి రోజుల్లో ఈయన పర్యవేక్షణలోనే డాంకీ కాంగ్ ఆట తయారు చేశారు. తను ఎదగడమే కాదు, వెనక వచ్చినవారికి చెయ్యందించినవారు కూడా ఆయన.

గేమ్ బాయ్ విజయం

1989 ఏప్రిల్ 21న జపాన్‌లో గేమ్ బాయ్ విడుదలైంది. సతోరు ఒకాడ వంటి సహచరులతో కలిసి యొకోయ్ బృందం దీన్ని తయారు చేసింది. దానికి రంగుల తెర లేదు, తెర వెనుక లైటూ లేదు. పోటీ కంపెనీలు అదే కాలంలో రంగుల తెరలతో వచ్చాయి. గేమ్ బాయ్ ఓడిపోతుందని కొందరు అనుకున్నారు. కానీ ఆ రంగుల యంత్రాలు ఆరు బ్యాటరీలు వేస్తే కొన్ని గంటల్లో తినేసేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది. ధర తక్కువ, కింద పడినా తట్టుకునేది. తరువాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడైంది. బ్యాటరీలు ఎండబెట్టుకున్న మాకు ఈ విజయం రహస్యం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఓటమి - మరణం

1995లో యొకోయ్ వర్చువల్ బాయ్ అనే యంత్రాన్ని తెచ్చారు. బల్ల మీద పెట్టి, అద్దాల్లోకి తొంగి చూస్తూ ఆడాలి. రెండు కళ్ళకూ వేరువేరు బొమ్మలు చూపించి లోతు ఉన్న భ్రమ కలిగిస్తుంది. ఎర్ర ఎల్ఈడీలు చవక కాబట్టి బొమ్మంతా ఎరుపు, నలుపుల్లోనే. ఆడినవారికి కళ్ళు లాగేవి, తలనొప్పి వచ్చేది. పక్కవాడికి తెర కనిపించదు కాబట్టి కలిసి చూసే సరదా లేదు. అమెరికాలో ధర 179.95 డాలర్లు. మొత్తం 22 ఆటలే వచ్చాయి. ఎనిమిది లక్షలైనా అమ్ముడవకుండానే ఏడాదిలోపు ఆపేశారు.

1996 ఆగస్టులో, 31 ఏళ్ళ సర్వీసు తరువాత, యొకోయ్ నింటెండోను వదిలారు. ఈ ఓటమి వల్లే వెళ్ళిపోయారని చాలామంది రాశారు. సొంతంగా పనిచేయాలని ముందునుంచే అనుకున్నట్టు ఆయన చెప్పారు. కోటో అనే చిన్న సంస్థ పెట్టి, బాండాయ్ కంపెనీ కోసం వండర్‌స్వాన్ అనే కొత్త చేతి గేమ్ పని మొదలుపెట్టారు. అది ఒక్క బ్యాటరీతో నడిచే యంత్రం!

దాన్ని ఆయన చూడలేకపోయారు. 1997 అక్టోబరు 4న హొకురికు ఎక్స్‌ప్రెస్ రహదారి మీద ఆయన ప్రయాణిస్తున్న కారు ముందున్న లారీకి తగిలింది. దెబ్బ ఎంత తగిలిందో చూడటానికి కిందికి దిగినప్పుడు వేరే కారు ఆయన్ను ఢీకొంది. అప్పటికి ఆయన వయసు 56 ఏళ్ళు. వండర్‌స్వాన్ 1999లో విడుదలైంది. దానితో వచ్చిన ఒక ఆటకు ఆయన గౌరవార్థం గన్‌పేయ్ అని పేరు పెట్టారు. 2003లో అంతర్జాతీయ గేమ్ డెవలపర్ల సంఘం మరణానంతరం జీవన సాఫల్య పురస్కారం ప్రకటించింది.

ముప్పై ఏళ్ళకు తిరిగి వచ్చిన ఆటలు

ఇన్నేళ్ళ తరువాత ఆయన పేరు మళ్ళీ వినిపించడానికి కారణం ఉంది. నింటెండో తన పాత ఆటలను నెలకో ఏడాదికో చందా కట్టినవారికి కొత్త యంత్రం మీద అందిస్తోంది. 2023 ఫిబ్రవరిలో గేమ్ బాయ్ ఆటలు ఆ చందాలో చేరాయి. 2025 సెప్టెంబరులో వర్చువల్ బాయ్ ఆటలు కూడా తెస్తున్నట్టు ప్రకటించింది. 2026 ఫిబ్రవరి 17న అవి వచ్చాయి. వాటిని ఆడటానికి ఏడాదికి 49.99 డాలర్ల చందాతో పాటు ఒక ప్రత్యేక పరికరం కొనాలి. పాత యంత్రం ఆకారంలోనే ఉండే ప్లాస్టిక్ పెట్టె ధర 99.99 డాలర్లు. అట్టతో చేసింది 24.99 డాలర్లు. అందులో వేరే తెర ఉండదు. ఇప్పటి స్విచ్ యంత్రాన్నే దాని లోపల పెట్టి, అద్దాల్లోంచి చూడాలి. ఉన్న తెరనే కొత్త పనికి వాడుకోవడం యొకోయ్ పద్ధతే. అట్ట పెట్టెను చూస్తే ఆయన మురిసిపోయేవారేమో!

ఈ విషయంలో మాలో మాకే రెండు అభిప్రాయాలున్నాయి. పాత యంత్రాలు ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతున్నాయి. మళ్ళీ విడుదల చేయకపోతే ఆ మనిషి శ్రమ కొద్దిమంది అల్మారాల్లోనే ఉండిపోయేది. ఓడిపోయిందని అందరూ నవ్విన వస్తువును ముప్పై ఏళ్ళ తరువాత డబ్బిచ్చి మరీ చూస్తున్నారంటే అది ఆయనకు దక్కిన గౌరవమే.

రెండో మాట కూడా చెప్పాలి. చందా అంటే కేబుల్ టీవీ లాంటిది. డబ్బు కట్టినన్నాళ్ళే బొమ్మ. పాత ఆట క్యాసెట్ కొన్నవాడు దాన్ని తమ్ముడికి ఇవ్వగలడు, స్నేహితుడితో మార్చుకోగలడు, పదేళ్ళ తరువాత పెట్టెలోంచి తీసి ఆడగలడు. చందాతో వచ్చిన ఆట అలా చేతులు మారదు. చవక వస్తువులతో అందరికీ అందాలని ఆలోచించిన మనిషి ఆటలు ఇప్పుడు చందా కట్టగలిగినవారికే అందుతున్నాయి. నలభై మంది ఒక్క గేమ్‌ను పంచుకున్న మాకు ఇది కొంచెం బాధగానే ఉంది.

తమ్ముళ్ళకు ఒక మాట

తీర్థంలో ఆ గేమ్ కొన్న మా మిత్రుడు ఐటీఐ చదివి, ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తున్నాడు. కిందటి పూర్వ విద్యార్థుల సమావేశంలో అందరం ఎవరేం చేస్తున్నామో చెప్పుకుంటుంటే, తనది ఏదో రిపేరు పని అని తల వంచుకుని చెప్పి కూర్చున్నాడు. అదే హాలులో ఉద్యోగాలు పెద్దవైనవారు మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడారు. ఆ రోజే ఈ వ్యాసం రాయాలనుకున్నాం.

రిపేరు పని చిన్న పని కాదు. విప్పి చూసినవాడికే లోపల ఏముందో తెలుస్తుంది. పాడైన రేడియోను, ఆగిన ఫ్యానును, విరిగిన టార్చిలైటును విప్పి చూసే తమ్ముళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళను చదువు మానేసి తిరిగేవాళ్ళుగా చూడకండి. తమ్ముళ్ళారా, మీరు కూడా చదువు వదలకండి, స్క్రూడ్రైవరూ వదలకండి. యొకోయ్ చేతిలో ఆ రెండూ ఉన్నాయి.

ఇక మా మిత్రునికి ఒక మనవి. వచ్చే సమావేశంలో మైకు ముందుగా నీకే ఇస్తాం. ఆ పాత గేమ్ ఇంకా ఉందని విన్నాం. దాన్ని తీసుకురా. బ్యాటరీలు మేము కొత్తవే తెస్తాం. ఛాన్సు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కటే!

ఇట్లు,
పూర్వ విద్యార్థులు, రోలుగుంట