ప్రశ్నల చాటున దాగిన అగస్టీన్

చెడు ఎక్కడి నుంచి వచ్చిందన్నది అగస్టీన్‌ను యౌవనం నుంచీ వేధించిన ప్రశ్న. క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన ఈ పండితుడు జవాబు కోసం దాదాపు తొమ్మిదేళ్లు మానీ మతబోధ వెంట తిరిగాడు. తల్లి మోనిక కన్నీటితో ప్రార్థిస్తూనే ఉంది. మిలాన్ నగరంలో బిషప్ ఆంబ్రోస్ ప్రసంగాలు విన్నాక సందేహాలు ఒక్కొక్కటిగా తీరాయి. అయినా అతను ప్రభువు దగ్గరికి రాలేదు. అసలు అడ్డు ప్రశ్నలు కావు, వదులుకోలేని శరీరాశలేనని అప్పుడు తేలింది! 386లో ఒక తోటలో ఏడుస్తూ, రోమా పత్రిక 13వ అధ్యాయం చదివి దేవునికి లొంగిపోయాడు. 387 ఈస్టర్‌కు బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత హిప్పో బిషప్‌ అయ్యాడు. 430లో కన్నుమూసేదాకా ప్రశ్నిస్తూనే ఉన్నాడు. అయితే దేవుని నుంచి దాక్కుంటూ కాదు, ఆయన సన్నిధిలో మోకరించి. మన ప్రశ్నలు దేవుణ్ణి వెదకడానికా, తప్పించుకోవడానికా?