విలాయత్ చదువు వతన్‌కు పనికొచ్చింది: నవాబ్ అలీ నవాజ్ జంగ్ జీవితం

తెలంగాణలో ఏటా జూలై 11న ఇంజనీర్ల దినోత్సవం జరుగుతుంది. రాష్ట్రం వచ్చిన 2014లోనే ప్రభుత్వం దీన్ని ప్రకటించింది. అది నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో డిండి, కోయిల్‌సాగర్ కాల్వల కింద వరి వేసే కుటుంబాల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసో!

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కాలేజీలో చదువుకున్నారు. 1896లో నిజాం సర్కారు వజీఫా ఇచ్చి ఆయన్ని ఇంగ్లాండ్ పంపింది. అక్కడ కూపర్స్ హిల్‌లో రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. హిందుస్తాన్‌లో రోడ్లు, వంతెనలు, కాల్వల పనులకు ఇంజనీర్లను తయారు చేయడానికే ఆంగ్లేయులు దాన్ని పెట్టారు. 1906లో అది మూతపడింది.

1899లో చదువు ముగించుకుని వతన్‌కు తిరిగొచ్చారు. పీడబ్ల్యూడీలో అసిస్టెంట్ ఇంజనీర్‌గా చేరి, మెల్లగా చీఫ్ ఇంజనీర్ దాకా ఎదిగారు.

ఆయన నౌకరీలో ఉండగానే 1908 సెప్టెంబర్‌లో మూసీకి వరద వచ్చి హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టాలని సర్కారు నిర్ణయించింది. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. హిమాయత్‌సాగర్ 1927లో, అలీ నవాజ్ జంగ్ హయాంలో పూర్తయింది.

ఆయన పేరు నిలబెట్టింది మాత్రం నిజాంసాగర్. మంజీరా మీద 1923లో పని మొదలైంది, 1931లో ముగిసింది. ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. మన గొలుసుకట్టు చెరువులు వాననే నమ్ముకుంటాయి, ఒక్క ఏడు కరువొస్తే ఊరంతా ఎండుతుంది. పెద్ద నదికి ఆనకట్ట కట్టి నీళ్లు నిలబెడితే కరువు ఏడాదిలోనూ పంట చేతికొస్తుందని నిజాంసాగర్ చూపించింది.

దక్షిణ తెలంగాణ ఎత్తు ప్రాంతం. కృష్ణా లోతులో పారుతుంది, పొలాలు పైన ఉంటాయి. అందుకే ఇక్కడ ఉపనదులు, వాగుల మీద ముందు పనులు జరిగాయి. రెండు జిల్లాల సరిహద్దులో పారే డిండి నది మీద 1940 తర్వాత ఆనకట్ట కట్టారు. దేవరకద్ర దగ్గర పెద్దవాగు మీద కోయిల్‌సాగర్ పని కూడా ఆ దశాబ్దంలోనే మొదలైంది. ఒక్కొక్కటి సుమారు 12 వేల ఎకరాలకే సరిపోయే చిన్న ప్రాజెక్టులు.

పెద్ద నీళ్ల కోసం పక్క రాష్ట్రంతో మాట్లాడాలి. తుంగభద్ర నీటిపై మద్రాసుతో ఏళ్లపాటు జరిగిన చర్చల్లో హైదరాబాద్ తరఫున వాదించింది అలీ నవాజ్ జంగే. 1944లో ఒప్పందం కుదిరింది. తర్వాత వచ్చిన రాజోలిబండ కాల్వతో గద్వాల, అలంపూర్ వైపు 87,500 ఎకరాలకు నీళ్లు రాసిపెట్టారు.

ఆయన ఇల్మ్ హైదరాబాద్‌కే పరిమితం కాలేదు. 1938లో కాంగ్రెస్ పెట్టిన జాతీయ ప్రణాళికా కమిటీకి జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షుడు. అందులో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి అలీ నవాజ్ జంగ్‌ను ఛైర్మన్ చేశారు.

1949లో ఆయన కన్నుమూశారు. నల్లగొండ జిల్లా నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది ఆ తర్వాత ఆరేళ్లకు, 1955 డిసెంబర్ 10న. కృష్ణా పక్కనే ఉన్నా పాలమూరు మాత్రం దశాబ్దాల పాటు ఎండింది. అక్కడి కూలీలు దేశమంతా తిరిగి వేరేవాళ్లకు ఆనకట్టలు కట్టారు.

ఆ కాలంలో విలాయత్ వెళ్లి చదివినవాళ్లు ఇంకా ఉన్నారు. అలీ నవాజ్ జంగ్ విషయంలో సర్కారు ఖర్చు పెట్టి పంపడంతో ఆగలేదు. తిరిగి వచ్చేసరికి కుర్చీ ఇచ్చింది, చేతికి పని ఇచ్చింది, కోట్ల రూపాయల ప్రాజెక్టు అప్పగించింది. కూపర్స్ హిల్‌లో నేర్చింది మంజీరా మీద ఫలించడానికి కారణం అదే. ఇవాళ నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి మన పిల్లలు అమెరికా, జర్మనీ, గల్ఫ్ వెళ్తున్నారు. చదువుకోవడానికి అప్పు చేసైనా పంపుతున్నాం. వాళ్లు తిరిగొస్తే చేయడానికి ఇక్కడ ఏ పని సిద్ధంగా ఉంచామన్నదే అసలు ప్రశ్న.