డాల్టన్ గారి అంచనా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను జాన్ డాల్టన్ పేరు చెప్పాను. పరమాణు సిద్ధాంతం చెప్పిన శాస్త్రజ్ఞుడిగా ఆయనను మనమంతా హైస్కూలు పాఠంలో చదివినవాళ్ళమే. ఆవిరి గురించి ఆయన చేసిన పని మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఒక రిటైర్డు గుమాస్తాకు ఆవిరితో ఏం పని అంటారా? మనవి చేస్తాను.

డాల్టన్ 1766లో ఇంగ్లండు ఉత్తర భాగాన ఈగిల్స్‌ఫీల్డ్ అనే పల్లెలో ఒక నేతపనివాని ఇంట పుట్టారు. వారిది క్వేకర్ల కుటుంబం. పన్నెండో ఏటనే ఆయన ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. 1781లో కెండల్ పట్టణం చేరి అన్నగారితో కలిసి బడి నడిపారు. అక్కడ జాన్ గాఫ్ అనే అంధ పండితుడు ఆయనకు గురువయ్యాడు. వాతావరణం డైరీ రాసే అలవాటు ఆ గురువు పెట్టిందే. 1787 మార్చి 24న మొదలైన ఆ డైరీ 57 ఏళ్ళు సాగింది. అందులో రెండు లక్షలకు పైగా నమోదులున్నాయి. చివరిది 1844 జులై 26న రాశారు. మర్నాడే కన్నుమూశారు. మన ఆఫీసుల్లో ఏ రిజిస్టరూ ఇంత నిష్ఠగా నడిచి ఉండదు.

1793లో మాంచెస్టర్ వచ్చి, చివరిదాకా అక్కడే ట్యూషన్లు చెప్పుకుంటూ బతికారు. పెళ్ళి చేసుకోలేదు. పరికరాలు చాలావరకు సొంతంగా చేసుకున్నవే. వాన ఎందుకు కురుస్తుంది, గాలిలో తేమ ఎంత ఉంటుంది అన్న ఆలోచన ఆయనను ఆవిరి దగ్గరికి చేర్చింది.

ఏ ద్రవమైనా ఎంతో కొంత ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి తోసే బలమే బాష్పపీడనం. దాన్ని కొలవడానికి డాల్టన్ తడిపిన గొట్టంలో పాదరసం పోసి బారోమీటరులాగా తలకిందులు చేశారు. చుట్టూ వేడినీళ్ళు ఉంచారు. లోపలి తడి ఆవిరై పాదరసాన్ని కిందికి నెడుతుంది. ఎంత దిగిందో అంతే ఆవిరి ఒత్తిడి. 1801లో ఈ ఫలితాలను మాంచెస్టర్ సాహిత్య తాత్విక సంఘంలో చదివారు. మిశ్రమంలో ప్రతి వాయువూ తన వంతు ఒత్తిడి తాను విడిగా చూపిస్తుందన్న ప్రసిద్ధ సూత్రం కూడా ఆ రోజులదే.

అప్పుడే ఆయన ఒక అంచనా సూత్రమూ చెప్పారు. మరుగుస్థానం నుంచి అన్నే డిగ్రీలు దిగివస్తే ఏ ద్రవానికైనా ఆవిరి ఒత్తిడి ఒకటే అన్నారు. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 50 డిగ్రీలు తగ్గితే దాని ఒత్తిడి సుమారు 92 మిల్లీమీటర్లు. ఆల్కహాలు 78 దగ్గర మరుగుతుంది కనుక 28 దగ్గర అదీ 92 ఉండాలి. కొలిస్తే దాదాపు 70 మాత్రమే. బెంజీన్ 80 దగ్గర మరుగుతుంది. 30 దగ్గర 92 ఉండాల్సింది, కొలిస్తే సుమారు 119. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. బెంజీన్ రక్తక్యాన్సర్ తెచ్చే విషం. అలాంటిదాని ఆవిరిని తక్కువగా లెక్కకట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కరలేదు.

సూత్రం నిలవలేదు గాని ఆలోచన చావలేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న మా మనవరాలు ఈమధ్య కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం చూపించింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వారిదట. ఇంకా ఎవరూ కొలవని రసాయనమైనా సరే, దాని అణువు ఆకారం ఇస్తే చాలు, మరుగుస్థానం అంచనా కట్టి దాని నుంచి ఆవిరి ఒత్తిడి చెబుతుంది. దాన్నిబట్టి ఆ రసాయనం గాలిలోకి ఎంత చేరుతుందో, పనివాళ్ళు ఎంత పీలుస్తారో లెక్కవేస్తారు. వేలకొద్దీ రసాయనాలను ఒక్కొక్కటిగా కొలవడం అయ్యే పని కాదు కనుక ఇది అవసరమే. అయితే సులువుగా ఆవిరి కాని పదార్థాల విషయంలో ఈ అంచనా పది రెట్లు కూడా తప్పవచ్చునట.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి, ఆవిరై ఇళ్ళమీదికి వచ్చి ప్రాణాలు తీసిన సంగతి మనం మరచిపోలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు నా పాత ఫైలు గుర్తొచ్చింది. 1990లలో నేను కర్మాగారాల లైసెన్సు కాగితాలు చూసే సెక్షన్‌లో ఉండేవాణ్ణి. ఒక చిన్న యూనిట్ దరఖాస్తులో బాష్పపీడనం గడిలో ఒక అంకె ఉంది. కొలిచిందో, అంచనా వేసిందో రాయలేదు. రిమార్కుల గడి ఖాళీ. నేనూ అడగలేదు. అంకె నా నోట్‌లోకి ఎక్కింది, పైవారు సంతకం పెట్టారు. రెన్యువల్‌కు వచ్చినప్పుడు అదే గడిలో రెట్టింపు అంకె ఉంది. మొదటిది ఉత్త అంచనా అని అప్పుడు తెలిసింది. ప్రమాదం జరగకపోవడం మా అదృష్టం. నా సర్వీసు రిజిస్టరులో ఎక్కని తప్పు అది.

డాల్టన్ గారు తన అంచనాలను ఎలా చూశారో చెప్పి ముగిస్తాను. ఆయనకు కొన్ని రంగులు తేడా తెలిసేవి కావు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండడమే కారణమని 1794లో ఊహించారు. చనిపోయాక తన కళ్ళు కోసి చూడమని ముందే చెప్పి ఉంచారు. చూశారు. ద్రవం తేటగానే ఉంది, ఊహ తప్పింది. భద్రపరచిన ఆ కంటి ముక్కను 1995లో డీఎన్ఏ పరీక్ష చేస్తే పచ్చరంగును గుర్తించే భాగం లేదని తేలింది.

ప్రభుత్వం ఆయనకు 1833లో ఏడాదికి 150 పౌన్ల పెన్షను ఇచ్చి, 1836లో 300 చేసింది. మూడేళ్ళలో రెట్టింపు! మన మిత్రులు గమనించాలి. ఆయన పార్థివదేహాన్ని నలభై వేలమంది దర్శించుకున్నారట.

అంచనా వేయడం తప్పు కాదు. అది అంచనా అని పక్కన రాయకపోవడమే తప్పు. ఆ ఒక్క మాట రాయడానికి శాస్త్రజ్ఞుడే కానక్కరలేదు, గుమాస్తా చాలు. నేను రాయలేదు. ఇప్పుడు కుర్చీల్లో ఉన్న మన పిల్లలైనా రాస్తారని ఆశ.